మూడో జగ్గు

అక్టోబర్ 3, సోమవారం

కొత్త రోగి. డెలీనా, అరవై ఒక్క ఏళ్ళు. స్ట్రోక్ వచ్చి తొమ్మిది వారాలయింది. శుక్రవారం హాలిఫాక్స్ నుంచి మా చిన్న ఆసుపత్రికి పంపారు. దెబ్బ తగిలింది మెదడులో కుడి వైపు. నడుస్తుంది. మాట్లాడుతుంది, కావలసిన దానికంటే ఎక్కువే. కళ్ళకు లోపం లేదు. కానీ ఎడమ వైపు అనేది ఒకటి ఉన్నదని ఆమె మనసు ఒప్పుకోవడం లేదు.

మధ్యాహ్నం పళ్ళెంలో కుడి పక్కన టర్నిప్ ముద్ద, ఎడమ పక్కన మాంసం కూరి కాల్చిన ‘పై’ ముక్క పెట్టారు. టర్నిప్ అంతా తినేసి, ఈ ఆసుపత్రిలో మాంసం వాసన మాత్రమే వడ్డిస్తారా పిల్లా అని అడిగింది. నేను పళ్ళాన్ని సగం తిప్పాను. ఇంతసేపూ ఎక్కడ దాచావే, నీ పాకెట్‌లోనా అంది.

ఆమె భర్త ఆన్సెల్మ్ మా అమ్మకు పెదనాన్న కూతురి కొడుకు. నాకు అన్న వరస. చిన్నప్పటి నుంచి ఆమెను వదినా అనే పిలుస్తున్నాను. రోగి ఇంటి పనులు తానే చేసుకోగలదో లేదో తేల్చే థెరపిస్టును నేను; బంధువుకు నేనే పరీక్ష పెట్టడం సరి కాదని మా అధికారి గిస్లేన్‌కు చెప్పాను. ఈ తీరంలో నీకు చుట్టం కాని రోగి కావాలంటే ఫెర్రీ ఎక్కి అఖాతం దాటి న్యూ బ్రన్స్‌విక్ పోవాలి తల్లీ అంది.


అక్టోబర్ 5, బుధవారం

ఆన్సెల్మ్ అన్న వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

నవంబర్ చివరి సోమవారం లాబ్‌స్టర్ సీజన్ మొదలు. ఆ రోజు అన్న పడవతో సహా పడవలన్నీ లాబ్‌స్టర్లు పట్టే బోనులు సముద్రంలోకి దింపడానికి బయల్దేరుతాయి. ఆ తరువాత వారానికి ఆరు రోజులు చీకటితో వెళ్ళి చీకటితో తిరిగి రావడం. పద్నాలుగు గంటలు వదిన ఇంట్లో ఒక్కతే ఉండాలి. పిల్లలు లేరు. ఉండగలదా లేదా అన్నది నేను రాసే రిపోర్ట్ తేలుస్తుంది. నవంబర్ 24న కమిటీ కూర్చుంటుంది. ఉండలేదంటే యార్మత్‌లో కేర్ హోమ్. అక్కడ ఒక గది ఖాళీగా ఉందనీ, పేరు రాయించి వచ్చాననీ అన్న గొంతు తగ్గించి చెప్పాడు.

గదిలోంచి వదిన కేక వినిపించింది. స్ట్రోక్ నా చెవులకి రాలేదయ్యా అని. ఆ గదిలో నువ్వే ఉండు, బోనులు నేను దింపుతా అని.

అన్న నవ్వలేదు.


అక్టోబర్ 12, బుధవారం

ఆసుపత్రి వంటగదిలో మామూలు పరీక్ష పెట్టాను. టీ, టోస్ట్.

టోస్ట్ బాగానే చేసింది. టీ కోసం ఎలక్ట్రిక్ స్టవ్ మీట తిప్పితే అది ఎడమ పక్క ప్లేట్‌ది అయింది. గిన్నె కుడి పక్క పెట్టింది. నీళ్ళు కాగలేదు. ఎడమ ప్లేట్ ఎర్రబడింది. నేనే వెళ్ళి ఆపాను. ఫారంలో ‘విఫలం’ అని రాయవలసి వచ్చింది.

ఆమెకు కోపం వచ్చింది. టీ నీళ్ళు కాచడమూ ఒక వంటేనా, అది చూసి నా సంగతి తేలుస్తావా అంది. దమ్ముంటే మా ఇంటికి బస్తా దుంపలు తెచ్చి రాప్యూర్ చేయించు, అప్పుడు రాయి నీ కాగితం మీద అంది.

రాప్యూర్ అంటే కోరిన బంగాళాదుంపల మధ్య కోడి మాంసం పెట్టి ఓవెన్‌లో కాల్చే మా తీరం వంటకం, టీ కంటే వందరెట్లు కష్టం. కానీ ఆమె మాటలో న్యాయం ఉంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనిలోనే మనిషి మిగిలి ఉంటుంది. కొత్త స్టవ్ ముందు కాదు.


అక్టోబర్ 20, గురువారం

మొలాసిస్ అనే నల్ల చెరకు పాకంతో బిస్కెట్లు చేయించాను. పిండి కలపడం చూస్తే ముచ్చటేసింది. కొలత గ్లాసు ముట్టలేదు. వేలు ముంచి, ఇంకొంచెం అల్లం, అని తనలో తాను అనుకుంది. కుడి చేత్తో ఉండలు చేసి ట్రేలో పేర్చింది.

ఇరవై నాలుగు ఉండలూ ట్రే కుడి సగంలోనే పెట్టింది. ఒకదానికొకటి ఆనించి, ఒకదాని మీదకొకటి ఎక్కించి. ఎడమ సగం నున్నగా, ఖాళీగా ఉంది.

ఇంత చిన్న ట్రే ఇచ్చావేమే పిసినారిదానా అంది.

ఆమె కుడి చేతిని పట్టుకుని ట్రే అంచు వెంట నెమ్మదిగా ఎడమ కొసదాకా నడిపించాను. ఖాళీ రేకు మీద ఆమె వేళ్ళు ఆగాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి. ఈ పదకొండు, పన్నెండు వారాల్లో అందరూ ఆమెకు చెబుతూనే ఉన్నారు. ఇవాళ మొదటిసారి తెలిసింది.

మరి ఇంట్లో కూడా ఇలాగే ఉందా అని అడిగింది.

ఉంది వదినా అన్నాను.


అక్టోబర్ 21, శుక్రవారం

ఇవాళ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.


అక్టోబర్ 26, బుధవారం

ఒక సంగతి గుర్తొచ్చింది. నాకు పన్నెండేళ్ళప్పుడు మరియమాత పండుగకు వదిన వంటింట్లో రాప్యూర్ చేస్తుంటే కూర్చుని చూశాను. ఆమెది ఓవెన్ ఉన్న ఇనుప కట్టెల పొయ్యి. ఇప్పటికీ అదే. మంట ఎడమ అరలో, ఓవెన్ కుడి పక్కన. అందుకని ఓవెన్‌లో ఎడమ వైపు మాడుతుంది, కుడి వైపు తెల్లగా మిగులుతుంది. గోడ గడియారం అరగంట కొట్టిన ప్రతిసారీ ఆమె తలుపు తెరిచి పెనాన్ని సగం చుట్టు తిప్పేది. మాట్లాడుతూనే, ఎవరినో తిడుతూనే తిప్పేది. ఆ తిప్పడం ఆలోచనలో లేదు, చేతుల్లో ఉంది.

ఇవాళ భోజనం పళ్ళెం ముందు పెట్టి, ఓవెన్‌లో పెనం ఏం చేస్తావు వదినా అని అడిగాను. తిప్పుతాను, ఏం, మాడబెట్టుకోనా అంది. అయితే తిప్పు అన్నాను.

నా మొహం చూసింది. పళ్ళెం చూసింది. తిప్పింది. చేప ముక్క కనబడింది.

ఓసి దొంగముండా అంది. చేపనో నన్నో తెలియదు.


నవంబర్ 4, శుక్రవారం

అన్నీ తిప్పుతోంది. పళ్ళెం, ట్రే, వార్తాపత్రిక, ప్రార్థన పుస్తకం. నర్సు ఫారంలో సంతకం పెట్టించబోతే ఆ కాగితం కూడా తిప్పింది. పక్క మంచం ఆవిడ, ఈమె మొగుడిని కూడా తిప్పుతుందేమో చూడండి అందట. వాడిని ముప్పై ఎనిమిదేళ్ళుగా తిప్పుతూనే ఉన్నా, రెండు వైపులా ఒకటే రంగు అందట వదిన.

అందరూ నవ్వారు. సాయంత్రం నేను వెళ్ళబోతుంటే పిలిచి నెమ్మదిగా అడిగింది. పళ్ళెం తిరుగుతుంది సరే, ఇల్లు తిరగదుగా, దాన్నేం చేద్దాం అని.

నా దగ్గర పుస్తకంలో జవాబు ఉంది. తలుపు అంచులకు, పొయ్యి పిడికి ఎర్ర గుడ్డ కట్టాలి, ఎర్రగుడ్డ కనబడేదాకా చూపును ఎడమకు లాగాలి. చెప్పాను. ఆమె విన్నది. నమ్మినట్టు లేదు. నేనూ పూర్తిగా నమ్మి చెప్పలేదు.


నవంబర్ 12, శనివారం

అన్నతో కలిసి ఇంట్లో ఎర్ర గుడ్డలు కట్టాను. మొత్తం పదకొండు. కట్టెల పొయ్యి తీసేసి వేరేది పెడదామన్నాను. ఇల్లంతా దాంతోనే వెచ్చబడుతుంది, దాన్ని తీస్తే ఆమె ఈ ఇంటికి రాదు అన్నాడు.


నవంబర్ 17, గురువారం

ఇంటి పరీక్ష. నిబంధన ఒక్కటే. పరీక్షించే మనిషి చూడాలి. ప్రమాదమైతే తప్ప చెయ్యి వేయరాదు, మాట అందించరాదు, సైగ చేయరాదు.

దుంపలు కోరడం ఎప్పుడూ అన్న పనే. పాత వాషింగ్ మెషీన్ మోటారుతో ఆయనే చేసుకున్న కోరు యంత్రం షెడ్డులో ఉంది. పది పౌండ్ల దుంపలు కోరి, గుడ్డలో వేసి నీరంతా పిండి, ఎండిన తురుము ఒక గంగాళంలో, పిండిన నీరు ఒక బకెట్‌లో తెచ్చిపెట్టి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

ఇక్కడి నుంచి అంతా వదిన పని. రాప్యూర్‌కు ప్రాణం కొలతలో ఉంది. దుంపలోంచి ఎంత నీరు తీశామో అంతే కోడిని ఉడికించిన పులుసు, సలసలా కాగుతున్నది, తిరిగి ఇవ్వాలి. ఒక గ్లాసు తగ్గినా దుంప పచ్చిగా ఉండిపోతుంది, బూడిద రంగు తేలుతుంది. మూడు గంటలు కాల్చినా బాగుపడదు.

పొయ్యిలో కట్టె వేసింది. ఎర్ర గుడ్డ చూసి మంట అర తలుపు మూసింది. రాసుకున్నాను. బకెట్‌లోని నీటిని తెల్ల జగ్గులతో కొలిచింది. మొదటిది కుడి పక్కన పెట్టింది. రెండోది దాని పక్కన. మూడోది నింపి, బకెట్ దించడానికి అడ్డమని ఎడమ మోచేతి దగ్గర పెట్టింది.

వెనక్కి తిరిగి లెక్క చూసుకుంది. ఒకటి, రెండు. రెండు జగ్గులు, అంది.

ఎడమ మోచేతికి జానెడు దూరంలో మూడోది నిండుగా ఉంది.

నేను బల్లకు ఎదురుగా కూర్చున్నాను. బల్లమీద ఎర్ర గుడ్డ కట్టాలని నాకు తోచలేదు. అది నా తప్పు. ఆ తప్పుకు ఆమె ఇల్లు పోగొట్టుకోవడమా అనిపించింది. ఆమె పులుసు గిన్నె మూత తీయడానికి అటు తిరగగానే మూడో జగ్గును కుడి వైపుకు జరిపాను. అంతే. ఒక్క క్షణం పని.

ఇటు తిరిగింది. చూసింది. మూడు, అంది.

ఆ తరువాత ఒక్క పొరపాటు లేదు. పులుసు కొంచెం కొంచెంగా పోస్తూ తురుము గాజులా మెరిసేదాకా కలిపింది. ఒక పొర, పైన కోడి మాంసం, ఉల్లి, మళ్ళీ ఒక పొర, పైన ఉప్పు పట్టించిన పంది కొవ్వు ముక్కలు. అరగంటకోసారి పెనం తిప్పింది. పైభాగం అంచు నుంచి అంచుకు ఒకే బంగారు రంగు.

నాలుగేళ్ళ తరువాత తిన్నాను. సగం పళ్ళెంలోనే వదిలేశాను.


నవంబర్ 18, శుక్రవారం

రిపోర్ట్ రాశాను. ‘సహాయం లేకుండా పూర్తి చేసింది.’ ఐదు మాటలు కూడా లేవు. అరగంట పట్టింది.


నవంబర్ 20, ఆదివారం

పూజ అయ్యాక చర్చి మెట్ల మీద జనం. వదినను వారాంతానికి ఇంటికి పంపారు, అన్న చెయ్యి పట్టుకుని దిగుతోంది. నన్ను చూసి ఆగింది. అందరి ముందూ, గట్టిగానే అడిగింది. మా ఇంట్లో జగ్గులకి ఎప్పటినుంచి కాళ్ళొచ్చాయే పిల్లా అని.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు చెవులు కాలాయి.

పక్కకు రమ్మంది. బల్లమీద జగ్గు జరిగిన చప్పుడు విన్నా, స్ట్రోక్ నా చెవులకి రాలేదని నువ్వు వినేలా మొదటి వారమే చెప్పా అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికయ్యేది. నువ్వు నా మీద జాలిపడ్డావు, బాగానే ఉంది, బోనులు దింపే రోజు నువ్వొచ్చి మా బల్ల దగ్గర కూర్చుంటావా అంది. వంట నేను చేశానో నువ్వు చేశావో నాకు తెలియాలి, నాకు అది తెలియకుండా ఆ ఇంట్లో ఎలా పడుకోను అంది.

మళ్ళీ పెట్టు పరీక్ష అంది. ఈసారి నువ్వు లోపల ఉండొద్దు, కిటికీ బయట నిలబడు, అద్దంలోంచి చెయ్యి దూరదుగా అంది.


నవంబర్ 21, సోమవారం

గిస్లేన్ దగ్గరకు వెళ్ళి రిపోర్ట్ వెనక్కి తీసుకున్నాను. జగ్గు సంగతి చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ అడగలేదు కదా, ఎందుకు చెబుతున్నావు అంది. బుధవారం మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకుంది, కానీ నా ఫైలులో ఒక హెచ్చరిక కాగితం చేరుతుంది. చేరాలి.

రెండో పరీక్షలో తప్పితే యార్మతే. నా జాలి వల్ల ఆమె గెలిచింది. నా నిజం వల్ల ఓడిపోవచ్చు. రోజంతా ఇదే తిప్పుతూ కూర్చున్నాను. ఏ వైపు తిప్పినా మాడిపోయే ఉంది.


నవంబర్ 23, బుధవారం

ఉదయం తొమ్మిది. సున్నాకు నాలుగు డిగ్రీలు తక్కువ. కిటికీ బయట నిలబడ్డాను. అద్దం మూసి ఉంది, ఏమీ వినబడదు. నాకు నేను ఒక హద్దు పెట్టుకున్నాను. ప్రమాదం కనబడితే రెండు నిమిషాలు ఆగి లోపలికి వెళ్ళాలి. లేదా నిప్పు నేలమీద పడితే వెంటనే. గడియారం చేతిలో పట్టుకున్నాను.

మొదట కనబడింది ఇది. ఎర్ర గుడ్డలు లేవు. పదకొండూ తీసేసింది.

జగ్గులు నింపింది. ఒకటి కుడిన, రెండోది కుడిన. మూడోది మళ్ళీ ఎడమనే. చేతికి అలవాటైన చోటు అదే. లెక్క చూసుకుంది. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు. పులుసు గిన్నె వైపు ఒక అడుగు వేసింది. నా ఊపిరి అద్దం మీద మచ్చ కట్టింది, తుడిచాను.

ఆగింది. కుడి చేత్తో బల్ల అంచు పట్టుకుంది. కాళ్ళు చిన్న చిన్నగా కదుపుతూ ఉన్నచోటే కుడికి తిరగడం మొదలుపెట్టింది. కిటికీ వైపు, తలుపు వైపు, గోడ వైపు, పొయ్యి వైపు. ఒక పూర్తి చుట్టు. ఓవెన్‌లో పెనం తిరిగినట్టు. చుట్టు ముగియబోతూ మళ్ళీ బల్ల వైపు వచ్చేసరికి మూడో జగ్గు ముందుగా ఆమె కుడి వైపున కనబడింది. వేలితో దాన్ని తట్టింది.

నాకు ఏడుపు వచ్చింది. రాసుకోవలసినది రాసుకున్నాను.

అది అయిపోలేదు. పులుసు పోసి కలిపి పొరలు వేశాక పొయ్యిలో కట్టె వేసింది. అర తలుపు తెరిచే వదిలేసింది. గుర్తు చేయడానికి ఎర్ర గుడ్డ లేదు. మంట కనబడుతోంది. ఒక నిప్పుకణిక అంచుదాకా వచ్చి ఆగింది. గడియారం నొక్కాను. ఆమె బల్ల తుడుస్తోంది. ఒక నిమిషం. కొవ్వు ముక్కలు సర్దుతోంది. నిమిషం ఇరవై. నా చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది. నిమిషం ముప్పై. ఆమె గుడ్డ ఆరేసి, బల్ల అంచు పట్టుకుంది. తిరిగింది.

నిమిషం నలభై. అర తలుపు మూసింది. మోకాలితో, గట్టిగా.

పెనం ఓవెన్‌లో పెట్టింది. తరువాత నేరుగా కిటికీ దగ్గరకు వచ్చి, నా మొహం మీదే కర్టెన్ వేసేసింది.

మూడు గంటలు షెడ్డులో అన్న దగ్గర కూర్చున్నాను. బోనులకు తాళ్ళు కడుతున్నాడు. ఆ రోజు నువ్వు చేసిన పని నేను ఇరవైసార్లు చేశానమ్మా అన్నాడు. చెంచా జరిపాను, మందుసీసా జరిపాను, చెప్పులు జరిపాను, ఆమె చూడకుండా అన్నాడు. తాడు ముడి బిగించాడు. సముద్రం మీద నుంచి ఎలా జరపను అన్నాడు.

ఒంటిగంటకు పిలిచింది. రాప్యూర్ అంచు నుంచి అంచుకు ఒకే రంగు. మొలాసిస్ సీసా నా ముందుకు తోసింది. తిను, నీ ముక్కు ఎర్ర గుడ్డలా ఉంది అంది.

ఆ తిరగడం ఎవరు నేర్పారు వదినా అని అడిగాను. ఇల్లు తిరగదు, మిగిలింది నేనేగా అంది. ఒక పని అయ్యాక, ఇంకోటి ఎత్తుకునే ముందు, ఒక చుట్టు, అంతే అంది. ఆ పొయ్యి తలుపు ఎంతసేపు తెరిచుంది అని అడిగింది. చెప్పాను. అదీ రాయి అంది.

ఇవాళ పళ్ళెం ఖాళీ చేశాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.


నవంబర్ 24, గురువారం

కమిటీ. రెండు పరీక్షలూ ముందుపెట్టాను. జరిపిన జగ్గు, నిమిషం నలభై సెకన్లు, అన్నీ. ఇక మీదట ప్రమాదం జరగదని హామీ ఇవ్వగలవా అని డాక్టర్ అడిగాడు. ఇవ్వలేను అన్నాను. ఎవరికి ఇవ్వగలను అని అనలేదు. మనసులో అనుకున్నాను.

మూడు వారాలు చూద్దామన్నారు. మధ్యాహ్నం పొరుగింటి లియోనీస్ వచ్చి చూసిపోవాలి. సాయంత్రం వదిన నాకు ఫోన్ చేయాలి. తప్పితే యార్మత్. అక్కడి గదిని అంతవరకూ ఆపి ఉంచుతారట.

నేను రాసింది నిజం. అది సరిపోతుందో లేదో తెలియదు.


నవంబర్ 28, సోమవారం

గాలి. పడవలు కదలలేదు. ఇంకో రోజు.


నవంబర్ 29, మంగళవారం. ఉదయం ఆరున్నర

రేవు నుంచి హారన్లు వినిపించాయి. ఒకదాని వెనుక ఒకటి. నేను వెళ్ళేసరికి జనమంతా రేవు గట్టు మీద నిలబడి చేతులు ఊపుతున్నారు. వదిన రాలేదు. పొయ్యి వెలిగించి ఉంచి ఎలా వస్తుంది. అన్న పడవలో పోతూ పోతూ వాళ్ళ ఇంటి పొగగొట్టం వైపు తిరిగి ఒక్కసారి హారన్ కొట్టాడు. పొగ తిన్నగా పైకి పోతోంది.


అదే రోజు. సాయంత్రం ఐదు నలభై

ఫోన్ మోగింది.

తిరిగాను, అంది. పెట్టేసింది.

రిసీవర్ పెట్టేశాను. ఏం తోచిందో, బల్ల అంచు పట్టుకుని నేనూ ఒక చుట్టు తిరిగాను.

నా వెనుక టీ గిన్నె కింద మంట వెలుగుతోంది. నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి.